చేపను ముందు చూసినవాళ్లు

"నా చేత్తో నేను పట్టిన చేప పులుసే తింటాను. అది పడేదాకా కోటలో ఎవరి పొయ్యి మీదా పులుసు ఉడకడానికి వీల్లేదు!" అని కొండమరాజు గారు ఒకరోజు పొద్దున్నే, వేపపుల్ల నముల్తూ నముల్తూ ఒట్టేసేసుకున్నారు.

ఆయన ఏలేది చలికోట. మంచుకొండల్లో ఉంటుంది. చలికాలం వస్తే అక్కడి సరస్సు పైనంతా రాయిలా గడ్డకట్టేస్తుంది. జనం దాని మీదే నడిచివెళ్లి, గడ్డకి కన్నం వేసి, పక్కనే పీట వేసుకుని గాలం వదులుతారు.

రాజుగారి బావమరిది తిప్పరాజు ఎక్కణ్ణుంచో చేపకన్ను అనే యంత్రం తెప్పించాడు. ఆ కాలంలో యంత్రాలేమిటని అడక్కండి. కథకి కాళ్లు లేవు, ముంతకి చెవులు లేవు. అది కన్నంలోంచి నీళ్లలోకి టిక్కుటిక్కుమని చప్పుడు పంపుతుంది. ఆ చప్పుడు చేపకి తగిలి వెనక్కొస్తే పైనున్న తెర మీద ఒక గీత పడుతుంది. గీత ఎంత లోతు చూపిస్తే అంత లోతుకి గాలం దింపుకోవడమే.

రాజుగారికి ఒకటిచ్చి ఊరుకుంటే బాగుండేది. తనకీ ఒకటి ఉంచుకున్నాడు. అది చూసి మంత్రి కొన్నాడు. మంత్రిని చూసి సేనాపతి కొన్నాడు. ఆఖరికి పురోహితుడు కూడా కొన్నాడు. చేపలు తినని మీకెందుకయ్యా అంటే, "దర్శనం చేసుకుంటాను" అన్నాడు.

చలికోటలో రాజుకి ఎంత దగ్గరగా కూచుంటే అంత గొప్ప. అందుకని అంత సరస్సునీ వదిలేసి అందరూ రాజుగారి పీట చుట్టూనే, మోకాలికి మోకాలు తగిలేలా కన్నాలు వేసుకుని కూచున్నారు. అక్కడ గడ్డ కాస్తా జల్లెడైపోయింది.

"బావగారూ, నా తెరలో మొసలంత చేప!" అన్నాడు తిప్పరాజు.

"మొసలేం ఖర్మ, నా తెరలో ఏనుగంత ఉంది" అన్నాడు సేనాపతి.

రాజుగారి తెరలో మాత్రం అన్నీ పిచ్చిగీతలే. పిల్లి గోకిన చాపలా ఉంది. చేపా లేదు, చేప తోకా లేదు.

పులుసు లేక అసలే నోరు చప్పబడి ఉన్నారేమో, మధ్యాహ్నానికి రాజుగారి మొహం కందగడ్డ అయింది. "నాకొక్కడికే ఎందుకు కనపడదూ?" అని అరిచారు.

"అదుగో, అవతలి ఒడ్డున చేపలు పట్టే పల్లెకారులు బావగారూ! వాళ్ల సందడికే చేపలు బెదిరిపోతున్నాయి. వాళ్లని తరిమేస్తే సరి" అన్నాడు తిప్పరాజు.

"సరే. పొద్దుగూకేలోగా నాకు చేప పడకపోతే, రేపట్నుంచి వాళ్లెవరూ ఈ సరస్సు మీద కాలు పెట్టకూడదు!"

రాజుగారి వెనక తమలపాకుల పెట్టె పట్టుకుని నిలబడ్డ అడపకత్తె పేరిందమ్మ ఆ మాట విని అవతలి ఒడ్డు వైపు చూసింది. ఆ పల్లెకారుల్లో ఆమె అన్నా వదినా ఉన్నారు. సరస్సు లేకపోతే వాళ్ల కుండలో గంజి కూడా ఉండదు.

పేరిందమ్మ పొద్దుట్నుంచీ ఒకటి చూస్తూనే ఉంది. తిప్పరాజు చలికి ఆగలేక ఊరికే గుట్ట చాటుకి పోతున్నాడు. యంత్రం ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని దాన్ని కూడా చంకన పెట్టుకుని పోతున్నాడు. ఆయన అటు వెళ్లగానే రాజుగారి తెరలో గీతలు పల్చబడుతున్నాయి. వచ్చి కూచోగానే మళ్లీ గోకుడే. చుట్టూ ఉన్న యంత్రాల టిక్కుటిక్కులే వచ్చి రాజుగారి తెర మీద పడుతున్నాయని, దొంగ అవేనని ఆమెకి తెలిసిపోయింది.

కానీ చెప్పడం ఎలా? "మీ యంత్రాలు ఆపండి" అంటే, "ముందు ఆయన్ని ఆపమను" అని ఒకరి మీదొకరు పడతారు. అడపకత్తె నోట ఆ మాట వస్తే ముందు ఆమె దవడే పగులుతుంది.

పేరిందమ్మ ఆకు చుట్టి ఇస్తూ మెల్లిగా అంది. "ఏలినవారూ, మా పుట్టింటి వైపు ఒక మర్యాద ఉందండి."

"ఏమిటే అది?"

"చేపను ముందు ఎవరు చూస్తే వాళ్లే కన్నంలోకి దూకి, దాన్ని పట్టుకొచ్చి రాజుగారి గాలానికి తగిలించాలండి!"

"భేష్!" అని తొడ చరిచారు రాజుగారు. "ఇదే నా ఆజ్ఞ. ఇందాక ఏనుగంత చేపను చూసిందెవరయ్యా?"

అందరూ తమ కన్నాల వంక చూసుకుని పీటలు వెనక్కి జరుపుకున్నారు.

"అది... నా మీసం నీడండి" అని సేనాపతి తన యంత్రం ఆపేశాడు.

"నా యంత్రానికి జలుబు చేసింది ప్రభూ" అని మంత్రి తనదీ ఆపాడు.

"నాకు దర్శనం అయిపోయింది" అని పురోహితుడు యంత్రం ఆపేసి పంచె ఎగ్గట్టాడు.

తిప్పరాజైతే యంత్రం నోరు నొక్కేసి, శాలువాలో చుట్టి, దాని మీదెక్కి కూచున్నాడు.

రాజుగారి తెర కడిగిన పలకలా తేటబడింది. కాసేపటికి దాని మీద ఒకే ఒక్క గీత! రాజుగారు ఊపిరి బిగబట్టి ఆ లోతుకి గాలం దింపారు. చేప ఒక్క గుంజు గుంజింది. పీటతో సహా ఆయన కన్నం వైపు జారిపోతుంటే పేరిందమ్మ ఆయన నడికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. మోచెయ్యంత చేప మంచు మీద పడి తపతపా కొట్టుకుంది.

తిప్పరాజు ఆగలేకపోయాడు. "ఇదే బావగారూ, నేను పొద్దున చెప్పిన చేప! ముందు చూసింది నేనే!"

రాజుగారు ఆయన వంక చూశారు. కన్నం వంక చూశారు.

"ఏమే పేరిందీ, చేప పడ్డాక దూకితే చెల్లుతుందా?"

"ఆలస్యమైనా మర్యాద మర్యాదేనండి."

"లేదు బావగారూ!" అని తిప్పరాజు లబలబలాడాడు. "నేను పుట్టి బుద్ధెరిగాక చేప మొహమే చూళ్లేదు!"

రాజుగారు పగలబడి నవ్వారు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "ఇంతకీ నా తెర ఎలా బాగుపడిందే?" అని అడిగారు.

"దర్బారంతా నోరు మూసిందండి, ఏలినవారికి చేప మాట వినబడింది!"

రాజుగారికి అప్పుడు బోధపడింది. మెడలో హారం తీసి పేరిందమ్మ చేతిలో పెట్టారు. "మీ వాళ్ల సరస్సు మీ వాళ్లదే. ఇక మీదట నా పీటకి కూతవేటు దూరంలో ఎవడు యంత్రం పెట్టినా వాడు దూకాల్సిందే!" అన్నారు.

చుట్టూ చూస్తే ఎవరున్నారు? పురోహితుడు అప్పటికే రెండు కూతవేట్లు దాటాడు.