బుడగ వచ్చిన చోటే లీకు

రెంటచింతల బసవయ్యగారిది తెలివైన కుటుంబం. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. ఆయనే అనేవాడు, రోజుకు మూడుసార్లు.

"మా ఇంట్లో చెప్పిన పని చెప్పినట్టు చేస్తాం. సొంత తెలివి కలపం. అందుకే మా తెలివి వాడకుండా అట్టాగే ఉంది" అనేవాడు. పెద్దకొడుకు చెంచయ్య, చిన్నకొడుకు నరసింగు అవునవునని తలలూపేవాళ్ళు.

ఆయన కూతురు శేషు పుట్టింట్లో పురుడు పోసుకుంది. బాబుకు ఐదో నెల వచ్చింది. ఇక సత్తెనపల్లిలో అత్తారింటికి సాగనంపాలి. చూస్తే మే నెల. రెంటచింతల ఎండకు కాకులు కూడా నీడ చూసుకుని నడుస్తాయి. అత్తగారు తిరుపతమ్మ కబురు పెట్టింది: "నా మనవడి ఒంటిమీద ఒక్క చెమటకాయ కనబడిందా, మళ్ళీ పుట్టింటికి పంపితే ఒట్టు!"

బిడ్డకేమీ కాలేదని ముందే చెప్పేస్తున్నాను. కంగారు పడకుండా వినండి.

ఇంకేముంది, బసవయ్యగారికి తన పాత కారు గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్ళది. అందులో ఏసీ వేస్తే ఉడుకుగాలి వచ్చేది, ఆపితే అంతకంటే కాస్త నయంగా ఉండేది. కొడుకులిద్దరూ దాన్ని మెకానిక్ సుభాని దగ్గరికి తోలుకెళ్ళారు.

"గ్యాస్ తగ్గిపోయింది. అది ఊరికే తగ్గదు, ఎక్కడో కారుతుంటది" అని సుభాని ఏసీ పైపుల మీద సబ్బు నురుగు రాశాడు. ఒక అతుకు దగ్గర బుడగ లేచింది. "చూశారా? బుడగ వచ్చిన చోటే లీకు" అన్నాడు. అక్కడ రబ్బరు రింగు మార్చి, పైపుల్లో గాలి లాగేసి, కొత్త గ్యాస్ ఎక్కించాడు. చల్లగాలి జివ్వున కొట్టింది.

"ఇక అద్దాలు దించకండి, తలుపు తీయకండి. చల్లదనం పోద్ది" అని చెప్పి పంపాడు.

తెల్లారింది. ప్రయాణం రోజు. "సుభాని పైపులొక్కటే చూశాడు. మిగతా కారు ఎవరు చూస్తారు?" అన్నాడు చెంచయ్య.

"మనమే!" అన్నాడు నరసింగు.

అంతే. బకెట్టు నిండా నీళ్ళు, రెండు బట్టల సబ్బులు. బానెట్టు, చక్రాలు, హారను, లైట్లు, నంబరు పలక, ఒక్కటి వదలకుండా నురుగు పట్టించారు. ఎక్కడ చూసినా బుడగలే.

"నాన్నా! మన కారు జల్లెడ!"

బసవయ్యగారు గుండె పట్టుకున్నాడు. "పూడ్చండిరా! బిడ్డకు చెమటకాయలొస్తే ఆ తిరుపతమ్మ మనల్ని బతకనిస్తుందా?"

రెండు కుంచాల గోధుమపిండి తడిపి ముద్ద చేశారు. కొడుకులిద్దరూ లోపల కూర్చుని తలుపుల సందులన్నీ పూడ్చారు. బసవయ్యగారు బయటినుంచి మెత్తాడు. నరసింగు ముక్కు కొనన అంటిన నురుగులో చిన్న బుడగ లేచింది. "నువ్వూ కారుతున్నావురా" అని చెంచయ్య వాడి ముక్కులో రెండు ఉండలు దోపాడు. సైలెన్సరు గొట్టం దగ్గర గుమ్మడికాయంత బుడగ లేచింది. బసవయ్యగారు దాన్నీ పిండితో బిగించాడు.

బండి స్టార్టు కాలేదు. కాలేదు, కాలేదు, ఆఖరికి ఢామ్మంది. గొట్టంలోని పిండిముద్ద ఎగిరి పక్కింటి గేదె ముందు పడింది. గేదె తినేసింది. బండి స్టార్టయింది.

వాళ్ళ కంటపడని సందులు కారు కింద బోలెడు మిగిలాయి కాబట్టి ఊపిరికి ఇబ్బంది లేకపోయింది. మీరు మాత్రం ఆటకైనా ఇట్లాంటి పని చేయకండి.

శేషు బాబునెత్తుకుని వచ్చింది. "తలుపు తియ్యండిరా."

"తియ్యకూడదక్కా! చల్లదనం పోద్ది!" అని లోపలినుంచి ఇద్దరూ అరిచారు.

"మరి నేనెట్టా ఎక్కాలి?"

"అది సుభాని చెప్పలా!"

"ఒరే, ఇదంతా ఎవరి కోసంరా?"

"నీ కోసమే అక్కా! అందుకేగా ఇంత భద్రంగా దాచాం!"

బసవయ్యగారు తీర్పు చెప్పాడు. "చల్లదనం కారులో పంపుదాం. తల్లీబిడ్డా బస్సులో వెళ్తారు. అక్కడికి చేరాక ఎవరి చల్లదనం వాళ్ళు తీసుకోవచ్చు."

శేషు ఆ ఇంట్లోనే పుట్టి పెరిగింది, వాదిస్తే ఏం లాభమో ఆమెకు తెలుసు. బాబుకు పల్చటి నూలు చొక్కా తొడిగి, ఎండ ముదరకముందే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. గాలి రయ్యిన కొట్టింది. బాబు సత్తెనపల్లి దాకా కళ్ళు తెరవలేదు.

తిరుపతమ్మ మనవణ్ణి ముందూ వెనకా తిప్పి చూసింది. మెడ మడతలు చూసింది, చంకలు చూసింది. ఒక్క చెమటకాయ లేదు. "పర్లేదే, మీవాళ్ళకూ బుద్ధుంది" అంది.

అప్పుడొచ్చింది కారు. గతుకుల్లో చల్లదనం తొణక్కూడదని నత్తలా నడిపించుకొచ్చారు. పల్నాటి ఎండకు పిండి కాలి రొట్టె అయింది. లోపల అన్నదమ్ములు ఒకే రగ్గు కప్పుకుని గడగడా వణుకుతున్నారు.

"అత్తయ్యగారూ, చల్లదనం తెచ్చాం! ఎక్కడ పెట్టమంటారు?"

తలుపు లాగితే రాలేదు. తిరుపతమ్మ గునపం తెచ్చి ఒక్క పోటు పొడిచింది. తలుపు ఊడి నేల మీద పడింది. చల్లదనం కాస్తా పోయింది. అన్నదమ్ములిద్దరూ భోరుమన్నారు.

"ఏడవకండిరా, పిల్లాడు చల్లగా ఉన్నాడు చూడండి" అని శేషు బాబును చూపించింది. బాబు మేనమామల్ని చూసి నవ్వాడు. పెదాలు బుర్రుమనిపించాడు. నోటి దగ్గర బుడగ లేచింది.

నరసింగు బాబు నోటికేసి వేలు చూపించాడు. "అన్నా... బుడగ!"

"ఇంకోటి! అమ్మో, మేనల్లుడు కారుతున్నాడు!"

"పసివాళ్ళు ఉమ్మి బుడగలు ఊదరా, ఇదేం చోద్యం?" అంది తిరుపతమ్మ.

"మీరేం దిగులుపడకండి అత్తయ్యగారూ! ఐదు నెలలదేగా, ఇంకా కొత్తదే. రింగు మారిస్తే సరిపోద్ది" అని ధైర్యం చెప్పి, సుభానిని తీసుకురావడానికి ఇద్దరూ కారెక్కారు. ఊడిన తలుపును నరసింగు ఒళ్ళో నిలబెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. రెంటచింతల దాకా దాని అద్దం మాత్రం దించలేదు.