కుబుసంలో రెండు కళ్ళు

ఒకప్పుడు పాములన్నీ కుబుసాన్ని ముక్కలు ముక్కలుగా విడిచేవి. వీపు మీద పొర ఇవాళ, పొట్ట మీదది ఎల్లుండి, తోక మీదది ఎప్పుడు వీలైతే అప్పుడు. ఎక్కడ దురద పెడితే అక్కడ గీక్కోవడం, ఎక్కడ లేస్తే అక్కడ పీక్కోవడం. తొండలదీ అదే పద్ధతి.

ఆ రోజుల్లో ఒక కొండ కింద, వాగు ఒడ్డున, గున్నమ్మ అనే పొట్టి కొండచిలువ ఉండేది. ఎంత పొట్టిదంటే, చుట్ట చుట్టుకుంటే ఒక బుట్టలో పట్టేసేది. దానికి ఒక తొండ స్నేహం. తొండకు ఏ పనైనా చిటికెలో అయిపోవాలి.

పాములకు కంటిరెప్పలు ఉండవు కదా! ఒంటి మీద ఉండే పొరే కళ్ళ మీదా ఉంటుంది. ముక్కా ముక్కా పీక్కుంటూ పోతే కళ్ళ మీదది ఎలా వస్తుంది? రాదు. గున్నమ్మ కుబుసం విడిచినప్పుడల్లా కళ్ళ మీద పాత పొర అలాగే ఉండిపోయేది. ఒకటి, రెండు, మూడు పొరలయ్యాయి. లోకమంతా మసకబారింది.

ఒకరోజు ఎలుక అనుకుని చింతకాయ మింగబోయింది. ఇంకోరోజు రాయి అనుకుని ముంగిస పక్కన హాయిగా పడుకుంది. ముంగిస నిద్రలో ఉంది కాబట్టి సరిపోయింది! ఇంకొక్క పొర మిగిలిందంటే ఇక ఏమీ కనిపించదు. ఒళ్ళు చూస్తే మళ్ళీ బిగుసుకుంటోంది. కుబుసం రోజులు వచ్చేశాయి.

"దానికేముంది! కళ్ళ మీద పొరలు నేను గోటితో గీకేస్తాను. తల ఇలా పెట్టు" అంది తొండ.

పాపం గున్నమ్మ, తల పెట్టింది. తొండ గోరు ఎత్తింది.

"ఓలమ్మో! ఆగు, ఆగు! కంటి మీద గోరెడతావేటి?"

ఆ కేక వేసింది గైరమ్మ. వెదురుతో బుట్టలూ చేటలూ అల్లే ముసలమ్మ. వాగు ఒడ్డునే ఆమె పాక. చేతిలో కత్తి కింద పెట్టి గబగబా వచ్చి, గున్నమ్మ తలను వేలితో నెమ్మదిగా తడిమింది.

"పొర ఎండిపోనాదే తల్లీ. ఎండినదాన్ని లాగితే కిందనున్న మంచి పొర కూడా సిరిగిపోద్ది. కన్నే పోద్ది."

"మరి నేనేం చెయ్యను మామ్మా?" గున్నమ్మకు ఏడుపొచ్చేసింది.

గైరమ్మ ఎండిన వెదురు బద్ద ఒకటి తీసి వంచింది. ఫట్! విరిగిపోయింది. నీళ్ళలో నానిన బద్ద తీసి వంచింది. అది గుండ్రంగా తిరిగింది గాని విరగలేదు.

"సూసినావా? ఎండు బద్ద మాట ఇనదు. నానిన బద్ద సెప్పినట్టు ఇంటది. నువ్వూ నానాల."

"తెలిసింది, తెలిసింది! నానాలి, అంతేగా!" అని తల ఆడించి తొండ వాగులోకి దూకింది. ఒక్క మునక వేసి గట్టెక్కి, వీపు పీక్కోవడం మొదలుపెట్టింది. మిగతా మాట వినడానికి దానికి తీరిక ఏదీ?

గున్నమ్మ మాత్రం ఎక్కడికీ పోలేదు. పోదామన్నా దారి కనిపించాలి కదా!

గైరమ్మ వెడల్పాటి మట్టి తొట్టిలో నీళ్ళు పోసి ఎండలో పెట్టింది. గోరువెచ్చనయ్యాక చెయ్యి ముంచి చూసుకుంది. "సంటిబిడ్డకి పోసేటంత వేడి సాలు" అంది. నీళ్ళు గున్నమ్మ వీపు దాటకుండా చూసింది. గడ్డం ఆనించుకోవడానికి ఒక రాయి కూడా పెట్టింది. గున్నమ్మ ఒళ్ళు వదిలేసి పడుకుంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

కాసేపయ్యాక గైరమ్మ దాన్ని పైకి తీసింది. "నానితే సాలు, కుళ్ళకూడదు. ఇంక ఈ బుట్టలో తడి ఆకుల్లో పడుకో. తల లోపలెట్టుకుని ఉండలాగ సుట్టుకో. ఎవులు పిలిసినా తల బయటకి తియ్యకు."

పిలవనే పిలిచింది తొండ. "నాది సగం అయిపోయింది! నువ్వింకా మొదలే పెట్టలేదా? రా, నేను లాగేస్తా!"

గున్నమ్మకు ఒకటే దురద. అయినా తల తియ్యలేదు. ఇంకాస్త గట్టిగా ఉండ చుట్టుకుంది.

రోజూ కాసేపు తొట్టి, తర్వాత బుట్ట. మూడో రోజు గున్నమ్మ కళ్ళు పాలలా తెల్లబడ్డాయి. "మామ్మా! నీ చెయ్యి కూడా కనిపించట్లేదు! నా కళ్ళు పోయాయి!" అని గోలెత్తింది.

"పోలేదే పిచ్చి తల్లీ. పాత పొర కింద తడి సేరింది. అది లెగుస్తంది. కూసింత ఓపిక పట్టు."

కనపడనప్పుడు ఓపిక పట్టడం ఎంత కష్టమో గున్నమ్మకే తెలుసు. కానీ పట్టింది. ఇంకో నాలుగు రోజులు పోయాక గైరమ్మ ఒక గరుకు రాయి తెచ్చి ముందు పెట్టింది.

"మూతి కాడ రుద్దు. లాగకు. అదే వస్తాది."

గున్నమ్మ మూతి రుద్దింది. పెదవి దగ్గర పొర లేచింది. ముందుకు పాకింది. చొక్కా చెయ్యి తిరగేసినట్టు పొర వెనక్కి మళ్ళింది. తల మీంచి, కళ్ళ మీంచి, వీపు మీంచి, తోక చివరి దాకా. ఒక్క ముక్కగా!

గున్నమ్మ తలెత్తింది. ఎదురుగా ఒక ముఖం. ఇన్నాళ్ళూ గొంతు విన్నది గాని ముఖం చూడలేదు.

"మామ్మా! నీ ఒళ్ళంతా ముడతలే! నీకూ కుబుసం రోజులు వచ్చేశాయి. రా, తొట్టిలో నానుదువుగాని!"

గైరమ్మ పగలబడి నవ్వింది. "మా మనుసులకి ఒకటే తోలు తల్లీ. సివరి దాకా ఇదే."

గున్నమ్మకు ఆమె మీద చాలా జాలేసింది.

గైరమ్మ ఆ కుబుసాన్ని ఎండకేసి ఎత్తి పట్టుకుంది. అల్లిన బుట్టలో సందులున్నాయేమోనని అలాగే చూసుకుంటుంది రోజూ. తల దగ్గర రెండు చిన్న గుండ్రటి బిళ్ళలు తళుక్కుమన్నాయి. "రెండు కళ్ళ పొరలూ వచ్చీసినాయి! ఇక మీదట ఇడిసినప్పుడల్లా నాకు సూపించు" అంది.

"నువ్వు లేకపోతే?"

"ఎక్కడ ఇడిస్తే అక్కడే వదిలీ. ఎవులో ఒకలు సూస్తారు."

గున్నమ్మ ఈ సంగతి పాములన్నిటికీ చెప్పింది. తొండకూ చెప్పింది. అది "తెలిసింది, తెలిసింది" అంటూ ఇప్పటికీ తల ఆడిస్తూనే ఉంది, తోలు ముక్కలు ముక్కలుగా ఊడదీసుకుంటూనే ఉంది.

అప్పటినుంచే పొట్టి కొండచిలువ కుబుసం రోజుల్లో కళ్ళు తెల్లబడగానే తడి చోటు వెతుక్కుంటుంది, నీళ్ళలో నానుతుంది. భయమేస్తే తల లోపల పెట్టుకుని ఉండ చుట్టుకుంటుంది. కొన్ని దేశాల్లో దాన్ని ఇంట్లో పెంచుకునేవాళ్ళు కూడా గోరువెచ్చని నీళ్ళు పెట్టి ఊరుకుంటారు గాని, పొరను లాగరు. అప్పటినుంచే పాము తన కుబుసాన్ని మూతి నుంచి తోక దాకా ఒక్క ముక్కగా విడిచి, అక్కడే వదిలేసి పోతుంది. మీకెప్పుడైనా దొరికితే ఎండకేసి ఎత్తి చూడండి. రెండు కళ్ళూ ఉంటే, "వచ్చీసినాయి" అని గట్టిగా చెప్పండి. గైరమ్మ లేదు కదా, మనమే చెప్పాలి.