ముందు కూర్చున్న విండోస్

నూర్జహాన్ ఆ లినక్సును చెరిపెయ్యలేదని ఈశ్వరికి మొదటినుంచీ తెలుసు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

సన్యాసిరావు మాస్టారి కొట్లో కంప్యూటర్ రిపేరు నేర్చుకునేవాళ్లు ఇద్దరే. ఈశ్వరి ముందొచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి, సగం పని సొంతంగా నేర్చుకునే వచ్చింది. నూర్జహాన్‌కు వచ్చిన కొత్తలో స్క్రూడ్రైవరు పట్టుకోవడం కూడా రాదు. అయినా ఓసారి టీ తాగుతూ మాస్టారు, "ఆ పిల్ల హస్తవాసి మంచిది" అన్నారు. ఆ ముక్క ఈశ్వరి గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. తననెప్పుడూ ఆయన అలా అనలేదు.

వరహాలమ్మ టీచరు ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే లినక్స్ అనే రెండో సిస్టమ్ కూడా వేసింది నూర్జహానే. ఆన్ చెయ్యగానే రెంటిలో ఏది కావాలో అడిగే పట్టిక వచ్చేది. ఊరూరా తిరిగి టీచరు రికార్డు చేసుకున్న, జముకు వాయిస్తూ పాడే జముకుల కథలన్నీ లినక్స్ వైపే ఉన్నాయి. మొన్నామధ్య విండోస్ మొరాయిస్తే, దాన్ని మళ్లీ వేసిందీ నూర్జహానే. టీచరు ఇంటికెళ్లి చూసుకుంటే పట్టిక లేదు. తిన్నగా విండోస్‌లోకే పోతోంది. కథలు పోయాయని కళ్లనీళ్లు పెట్టుకుంటూ వచ్చి, ల్యాప్‌టాప్ కొట్లో వదిలి వెళ్లింది.

అప్పుడు కొట్లో ఈశ్వరి ఒక్కతే ఉంది. విండోస్‌లోంచి డిస్కు తెరిచి చూస్తే ఓ పక్కన పేరులేని పెద్ద ముక్క కనబడింది. అది లినక్స్ ఉన్న చోటేనని తెలీకపోలేదు. అయినా మాస్టారు రాగానే లినక్స్ పోయిందనీ, నూర్జహాన్ చూసుకోకుండా దానిమీదే విండోస్ వేసేసినట్టుందనీ చెప్పింది. సంగతి విన్న నూర్జహాన్ బ్యాగు సర్దుకుంది. మర్నాటినుంచి రావడం మానేసింది.

ఆ కుర్చీ ఖాళీ అయితే హాయిగా ఉంటుందనుకుంది ఈశ్వరి. ఉండలేదు. మాస్టారు తనతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. చివరికి తనే అడిగేసింది.

"తప్పు చేసింది ఆ పిల్లయితే, కోపం నామీదెందుకు మాస్టారూ?"

ఆయన ఆ ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నారు.

"లినక్స్ లేదని ఎవర్నడిగి తెలుసుకున్నావమ్మా?"

"విండోస్‌లో చూశానండి."

"వాడింట్లో కూర్చుని పక్కింటోడి గురించి అడిగితే ఏటి చెప్తాడు?"

మిషను ఆపి, మళ్లీ ఆన్ చేస్తూనే ఒక మీట టకటకా నొక్కారు. విండోస్ లేవకముందే సెట్టింగుల తెర వచ్చింది. ఏది ముందు లేవాలో అందులో వరసగా ఉంది. పైన విండోస్, దాని కింద లినక్స్. కిందదాన్ని పైకి జరిపారు. మరి దేన్నీ ముట్టుకోలేదు.

ఈసారి పట్టిక వచ్చింది. రెండు పేర్లూ ఉన్నాయి.

ఈశ్వరి లినక్స్ మీద నొక్కింది. కథలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి తెరిస్తే జముకు మోత కొట్టంతా నిండింది.

టీచరుకి కబురు చెప్పొస్తానని మాస్టారు చెప్పులేసుకున్నారు. గుమ్మం దగ్గర ఆగారు.

"విండోస్‌ని తీసెయ్యలేదు, చూశావు గదా. వాణ్ణి ముందు కూర్చోబెడితే నేనొక్కడినే ఉన్నానంటాడు. ఈ లినక్స్‌ని కూర్చోబెడితే ఇద్దర్నీ చూపిస్తుంది."

ఆయన వెళ్లిపోయారు. ఈశ్వరి ఆ ఖాళీ కుర్చీ మీది దుమ్ము తుడిచింది. తర్వాత ఫోన్ తీసి నూర్జహాన్ నంబరు వెతికింది. ఎత్తితే, ముందు ఆ పేరులేని ముక్క సంగతే చెప్పాలనుకుంది.