అంబారీ కింద గాడిద

కంప్యూటర్లు వచ్చినా రాజులు పోని ఒక రాజ్యంలో, కోట కంప్యూటర్ మీద బొమ్మలు వేసే పని గౌరాలుది. ఏటా రథోత్సవం ప్రకటనలన్నీ ఆమె చేతి మీదుగానే వచ్చేవి.

ఒకసారి మంత్రి ప్రచండయ్య, బొమ్మలు వేయడానికని అన్నిటికంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. తీరా చూస్తే అది వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చేసింది. కోట కంప్యూటర్‌లో తెరుచుకోనే లేదు.

"ఇంత గొప్పదాంట్లో లోపం ఉంటుందా ప్రభూ! లోపం ఆ కంప్యూటర్‌ది, ఈ గౌరాలుది. ఇద్దర్నీ రేపే సాగనంపుదాం," అన్నాడు మంత్రి. రాజు సరేనన్నాడు.

మర్నాడు గౌరాలు తన సామాను తీసుకెళ్లడానికని గాడిదను తోలుకొచ్చింది. సభ ఎదుటే, మావటివాళ్లను బతిమాలి, పట్టపుటేనుగు అంబారీని దాని మీదికి ఎత్తించింది. కింద నాలుగు కాళ్లు తప్ప గాడిద కనబడలేదు. ఒక్క అడుగు వేస్తే ఒట్టు.

సభంతా గొల్లుమంది. మంత్రి మండిపడ్డాడు.

"మతి పోయిందా నీకు? అది ఏనుగు కోసం చేసింది!"

"రాజ్యంలో ఇంతకంటే గొప్ప అంబారీ లేదు కదండీ. మరి లోపం నా గాడిదదే అయ్యుంటుంది. దీన్ని తరిమేసి ఏనుగును కొనుక్కోమంటారా?"

రాజు ముందుకు వంగాడు.

"నువ్వయితే ఏం చేస్తావు గౌరాలూ?"

"ముందు గాడిదను చూసుకుని, దాని వీపుకు సరిపడే జీను కొంటాను ప్రభూ."

"భేష్! ఇకమీదట కోటకు ఏది కొన్నా నువ్వే చూసి కొను," అని రాజు మంత్రి వైపు తిరిగాడు. "అంబారీని ఏనుగుశాల దాకా మీరు మోయండి మంత్రిగారూ. మీ వీపుకు సరిపోతుందేమో చూద్దాం."