గుమ్మడికాయ ఒంటి మీద బూడిద

ఒకప్పుడు వడియాల గుమ్మడికాయకు ఒంటి మీద బూడిద ఉండేది కాదు. నూనె రాసిన పసిపిల్ల బుగ్గలా నిగనిగలాడేది. చూడ్డానికి ముచ్చటే గానీ, ఏం లాభం? తీగ నుంచి తెంపితే నాలుగు రోజులు నిలిచేది కాదు. ఐదో రోజుకి ఈగలు ముసిరేవి. ఆరో రోజుకి నీరు కారేది.

ఆ రోజుల్లో ఒక ఊళ్ళో ఆరుగురు ఆడవాళ్ళు జట్టుగా చేరి వడియాలు పెట్టేవాళ్ళు. జట్టుకి పెద్ద నాంచారమ్మ. ఆవిడ మాట కరుకు, మనసు వెన్న. వాళ్ళకి ఒకటే కట్టుబాటు. వడియాలు పెట్టే రోజున ఎవరింటి నుంచి వాళ్ళు ఒక పిడికెడు ఏదో ఒకటి తేవాలి. ఉప్పో, మినప్పప్పో, మిరపకాయలో, ఏదైనా సరే. ఒట్టి చేతులతో మాత్రం రాకూడదు. ఎండిన వడియాలు ఆరు వాటాలు వేసుకునేవాళ్ళు.

జట్టులో అందరికంటే చిన్నది తవిటమ్మ. ఆ ఏడు విపరీతంగా వానలు పడి ఊరు ఊరంతా మునిగింది. తవిటమ్మ ఇంట్లో ఉప్పు కుండ కరిగిపోయింది. మినుములు నాని మొలకలెత్తాయి. వడియాల రోజు పొద్దున్నే ఆమె ఇల్లంతా వెతికింది. డబ్బాలు బోర్లించింది, చేట దులిపింది. ఎక్కడా ఏమీ లేదు. పొయ్యిలో మాత్రం చల్లారిన బూడిద ఉంది.

"ఒట్టి చేతులతో వెళ్తే తలెత్తుకోలేను. వెళ్ళకపోతే జట్టులోంచి తీసేస్తారేమో" అనుకుంది పాపం. ఏం చేసిందో తెలుసా? ఆ బూడిదే ఒక పిడికెడు తీసుకుని, గుప్పిట గట్టిగా మూసుకుని బయల్దేరింది. లోపల ఏముందో ఎవరికి కనిపిస్తుందిలే అని ధైర్యం.

నాంచారమ్మ వాకిట్లో పీట మీద ఒకే ఒక్క గుమ్మడికాయ ఉంది. చుట్టూ అందరూ దిగాలుగా కూర్చున్నారు. వానలకి పాదులన్నీ కుళ్ళిపోయాయి. నాంచారమ్మ ఇంటి కప్పు మీద పాకిన తీగ కూడా వడిలిపోయింది. దానికి కాసిన ఈ కాయే ఊరంతటికీ మిగిలింది.

"కోసెయ్యండి, కోసెయ్యండి!" అంది పళ్ళెంలోని ఉప్పు. "ముక్కలు చేసి నాకు అప్పగిస్తే ఏడాది కాపాడతాను. నా సంగతి మీకు తెలియనిదా?"

గుమ్మడికాయ లోపలి నుంచి సన్నగా గోల వినిపించింది. "అమ్మో, ఇప్పుడే కోయొద్దు! మేమింకా పాలుగారే గింజలం. రెండు నెలలు ఆగితే గానీ గట్టిపడం."

జట్టులోని మంగాయమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "రెండు నెలలా? నాలుగు రోజులు నిలవని కాయ రెండు నెలలెలా ఉంటుందే? అప్పుడే ఈగలు కూడా వచ్చేశాయి."

"వచ్చేశాం, వచ్చేశాం!" అన్నాయి ఈగలు, కాయ చుట్టూ తిరుగుతూ.

గుమ్మడికాయ కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "నన్ను కోస్తారని నాకు దిగులు లేదమ్మా. మీ పళ్ళేల్లోకి రావడానికేగా కాసింది! కానీ ఈ గింజలు పోతే వచ్చే ఏటికి విత్తనం ఉండదు. ఇక గుమ్మడి అనేదే ఉండదు."

నాంచారమ్మ పళ్ళెం ముందుకి జరిపింది. "సరే, ముందు తెచ్చినవి పళ్ళెంలో పెట్టండి. తర్వాత ఆలోచిద్దాం. ఏమే తవిటీ, నువ్వేం తెచ్చావు?"

తవిటమ్మ గుప్పిట వెనక్కి దాచుకుంది. "అదీ... అత్తా..." అంటూ వెనక్కి జరగబోయి కాలు తడబడి ముందుకు తూలింది. ఆసరా కోసం చెయ్యి చాచింది. గుప్పిట విడిపోయి, బూడిద చెయ్యి వెళ్ళి గుమ్మడికాయ మీద పడింది. నిగనిగలాడే ఒంటి మీద తెల్లగా అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

"బూడిదా!" అంది మంగాయమ్మ.

తవిటమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. "మా ఇంట్లో ఇంకేమీ లేదు పిన్నీ. ఒట్టి చేతులతో రాలేక..." అని చెయ్యి తీసెయ్యబోయింది.

"తియ్యకు తల్లీ!" అని అరిచింది గుమ్మడికాయ. "నీ చెయ్యి పడ్డ చోట ఈగలు వాలడం లేదు. హాయిగా ఉంది. ఇంకొంచెం రాయవూ?"

అందరూ వంగి చూశారు. నిజమే! "ఛీ, ముక్కులోకి పోతోంది" అని తిట్టుకుంటూ ఈగలు ఆ చోటు వదిలి పక్కకి పోతున్నాయి. ఆ మాత్రం చాలదూ? ఆరుగురూ ఇళ్ళకి పరుగెత్తి పొయ్యిల్లో బూడిదంతా తెచ్చారు. కాయకి ఒళ్ళంతా పూశారు. నాంచారమ్మ తవిటమ్మని దగ్గరకి లాక్కుని, "పిచ్చిదానా, లేదని చెబితే నిన్ను పొమ్మంటామా? ఇంకెప్పుడూ ఇలా దాచకు" అని కొంగుతో మొహం తుడిచింది.

ఆ రోజు వడియాలు లేవు. ఉప్పు కాసేపు అలిగింది. అయినా రోజూ ఎవరో ఒకరు వచ్చి బూడిద రాలిన చోట మళ్ళీ పూసి వెళ్ళేవాళ్ళు. కాయ నెల నిలిచింది. రెండో నెల కూడా నిలిచింది. లోపల గింజలు గట్టిపడి, "ఇక మేం సిద్ధం!" అని కేకేశాయి.

కాయ కోసే ముందు నాంచారమ్మ చేతులు జోడించింది. గుమ్మడికాయ నవ్వింది. "నాకెందుకమ్మా దణ్ణాలు? నేనే మీకు పెట్టాలి. ఇంట్లో ఏమీ లేకపోయినా ఉన్నదేదో తెచ్చి ఈ పిల్ల నా వంశాన్ని నిలబెట్టింది. నా పిల్లలు ఈ మేలు ఒంటి మీదే మోస్తారు."

ముక్కలు ఉప్పులో పడి, రుబ్బిన మినప్పిండిలో కలిసి వడియాలయ్యాయి. గింజలు ఆరు ఇళ్ళ దొడ్లలో మొలిచాయి. కొత్త కాయలు సన్నటి నూగుతో పుట్టాయి. ముదిరేసరికి ఎవరూ పూయకుండానే వాటి ఒంటి నిండా తెల్లటి బూడిద వచ్చింది. తవిటమ్మ వాటిని నిమిరి నిమిరి మురిసిపోయింది.

అప్పటినుంచే గుమ్మడికాయ ముదిరితే బూడిద పూసుకుంటుంది, నెలల తరబడి చెడకుండా నిలుస్తుంది. మీరెప్పుడైనా దాన్ని నిమిరి చూడండి, అరచేతికి తెల్లగా అంటుకుంటుంది. ఏ చెయ్యి తగిలినా తవిటమ్మ చెయ్యే అనుకుని, ఆమె బూడిద ఆమెకి తిరిగి ఇస్తుంది మరి.