నిమ్మాకు మీద వెండిగీత

వినండర్రా పిల్లలూ! మణిగిరి అని ఒక రాజ్యం, దానికొక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఏడు సముద్రాలు దాటి ధూమకేశుడనే మాంత్రికుణ్ని చంపబోయి రాయైపోయాడు. అన్నను విడిపిస్తానని వెళ్లిన నడిపివాడూ రాయైపోయాడు. ఇక మిగిలింది చిన్నవాడు సునందుడు. బుద్ధిమంతుడంటే బుద్ధిమంతుడు, పెద్దల మాట జవదాటడు. అదే వాడి కొంప ముంచింది.

వాడూ ఏడు సముద్రాలు దాటాడు. దారిలో నీళ్లలో కొట్టుకుపోతున్న గండుచీమను ఒడ్డున వేశాడు. ఆ చీమ వాడి భుజమెక్కి మాంత్రికుడి నిమ్మతోటకు దారి చూపింది. వాకిట్లో రాళ్లై నిలబడ్డ అన్నల్ని చూసి సునందుడు బావురుమన్నాడు.

"ఏడుపు తర్వాత, ముందు చెట్టు చూడు బాబూ," అంది చీమ. "వాడి ప్రాణం చిలకలో లేదు, ఆకులో ఉంది. మీ అన్నలు ఆకుల పైనా కిందా వెతికారు. అదుండేది ఆకు రెండు పొరల మధ్య. లేత చిగురు మీద మంచుచుక్కంత గుడ్డు, అందులోంచి పురుగు, అదే వాడి ప్రాణం. అది లోపల పచ్చదనం తింటూ వంకర్లు తిరిగిన దారే వెండిగీత. గీత ఆగినచోట ఆకు అంచు మడుచుకుని పడుకుంటుంది. రెక్కలొచ్చేలోగా నలిపేస్తే వాడు చస్తాడు, మీ అన్నలు లేస్తారు. రెక్కలొచ్చాయా, చిగురు చిగురుకీ గుడ్డు పెడుతుంది. గుడ్డుకొక ప్రాణం. ఇక వాడికి చావే లేదు."

సునందుడు వెతికి వెతికి ఆ ఆకు పట్టాడు. అప్పటికి పొద్దు గూకింది.

"నలిపెయ్ బాబూ, నలిపెయ్!"

"దీపాలవేళ ఆకు ముట్టకూడదు. చెట్టు నిద్రపోతుంది. అమ్మ చెప్పింది."

"అన్నలు కావాలా, ఆచారం కావాలా?"

"తెల్లారగానే నలిపేస్తాలే!"

ఓరి నీ బుద్ధి మండిపోను! తెల్లారుతూనే మడత విచ్చుకుంది. నూకగింజంత రెక్కల పురుగు, వెండిలా తెల్లన, రెక్క చివర నల్లచుక్క, అంచున సన్నటి కుచ్చు. ఎంత ముద్దుగా ఉందో! సునందుడు రెండు చేతులూ చరిచాడు. దొరికితేనా?

ధూమకేశుడు మేడ మీంచి పగలబడి నవ్వాడు. "నా ఆయుష్షు పెంచావు. నిన్ను రాయి చెయ్యనులే, ఇంటికి పో!"

చీమ భుజం దిగి వెళ్లిపోయింది.

మరి పెళ్లా? అయింది. అన్నలు లేరుగా, సింహాసనం వాడికే వచ్చింది. తల నెరిసేదాకా ఏలాడు. కావాలనే తెల్లారేదాకా ఆగాడని ఊరంతా ఒకటే గుసగుస.

పట్టాభిషేకం నాడు దణ్ణం పెట్టబోతే తల్లి కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఒక్క ఆకు ముట్టలేకపోయావా నాయనా?" అంది.

నువ్వే చెప్పావుగా అమ్మా అనబోయాడు సునందుడు. ఆమె మొహం చూసి నేలకే దణ్ణం పెట్టి లేచాడు.