ఎనిమిదో చంద్రుడు

రాజర్షి ఏడుగురు చంద్రుల్ని పుట్టించాడు గానీ, ఇద్దరు మనుషుల చేత ఒక్క ముద్దు పెట్టించలేకపోయాడు.

అదీ వాడి కష్టం. చిన్నదేం కాదు. రెండేళ్లుగా వాడు రాస్తున్నది విజువల్ నవల. అంటే తెర మీద బొమ్మ వస్తుంది, బొమ్మ కింద మాటలు వస్తాయి, కథ మలుపు తిరిగే చోట రెండు మీటలు వస్తాయి. ఏది నొక్కితే కథ అటు పోతుంది. పెద్దవాళ్ల కోసం రాసింది, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి ఇవ్వరు. కథంతా ఆకాశంలో, నీలకూటం అనే ఊళ్లో. నేల లేని ఊరు అది. ఇనుప గోడల మధ్య, కొలిచి పోసిన గాలితో బతికే ఊరు.

ఆ ఊరి గురించి వాడు రాసుకున్న పుస్తకం నాలుగు వేల పేజీలు. సరే, నాలుగు వందలు. బల్ల మీద పెడితే బల్ల కాళ్లు వంగేవి, అది మాత్రం అబద్ధం కాదు. ఏ చంద్రుడు ఏ గంటకి లేస్తాడో, పెళ్లికి ఏ రంగు కడతారో, తుమ్మితే ఎంత గాలి తగ్గించేస్తారో, అన్నీ ఉన్నాయి అందులో. అక్కడ ప్రతి మనిషి మెడకీ ఒక పట్టీ ఉంటుంది. పీల్చిన ప్రతి ఊపిరినీ అది లెక్కపెడుతుంది. ఊరికే కూర్చుంటే ఒక లెక్క. మాట్లాడితే రెండింతలు.

ఇక ఆ ఇద్దరు. వేగిని నౌక నడుపుతుంది, ముప్ఫై రెండేళ్ల మనిషి, ఎవరి మాటా వినదు. అర్కుడు గాలి కాపలాదారు, ఆవిడకన్నా రెండేళ్లు పెద్ద, ఎవరితోనూ కలవడు. పదకొండు అధ్యాయాలు ఒకరినొకరు దొంగచూపులు చూసుకుని, పన్నెండో అధ్యాయంలో నౌకలోని ఒక ఇరుకు గదిలో చిక్కుకుపోతారు. తలుపు పాడైంది. లోపల గాలి తక్కువ. చదివేవాళ్ల గుండె గొంతులోకి రావలసిన చోటు.

పోయిన వారం ముగ్గుర్ని పిలిచి చదివించారు. ముగ్గురూ ఆ గది దాకా బుద్ధిగా వచ్చారు. గదిలో కాలు పెట్టగానే ‘దాటేయ్’ అనే మీట నొక్కారు. రెండేళ్ల మాటలు తెర మీద గోదావరి వరదలా కొట్టుకుపోయాయి. అందులో ఒకావిడ నొక్కుతూ ఆవులించింది కూడా. ఆ ఆవులింత యానాం దాకా వినపడి ఉంటుంది.

కంపెనీ సుభాషిణిది. కాకినాడ రేవు దగ్గర మూతపడ్డ రొయ్యల కంపెనీని అద్దెకు తీసుకుని నడుపుతోంది. ఆ శుక్రవారం పొద్దున్న ఆవిడ రాజర్షి బల్ల ముందు నిలబడి, గొంతు పెంచకుండా మాట్లాడింది. గొంతు పెంచకపోతేనే భయం ఆవిడతో.

“సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఆ ముగ్గురే వస్తున్నారు. ఈసారీ దాటేశారంటే ఆ గదిలో మాటలన్నీ తీసేస్తాను రాజర్షీ. బట్టల్లేని బొమ్మలు నాలుగు గీయించి పెడతాను. పెద్దవాళ్లదేగా, బొమ్మలు చాలు అంటున్నారు డబ్బు పెట్టినవాళ్లు.”

“మరి నా కథ మేడమ్?”

“నీ దగ్గరే ఉంచుకో.”

వాడి మొహంలో నెత్తురంతా పాదాల్లోకి దిగిపోయింది. చెప్పుల్లోకి కూడా దిగిందేమో, నడక తడబడింది. అలాగే తడబడుతూ మస్తాన్ మాస్టారి దగ్గరికి వెళ్లాడు.

మస్తాన్ మాస్టారు ముప్ఫై ఏళ్లు రేడియో నాటకాలు ఆడించిన మనిషి. ఇప్పుడు మా అందరికీ గొంతులు దిద్దుతున్నారు. ఆ కథలో నౌక మాట్లాడుతుంది లెండి, ఆ నౌక గొంతు నాది. మాస్టారికి డెబ్భై ఆరేళ్లు. పిట్టంత ఒళ్లు, ఆ ఒంట్లో సగం ఉబ్బసం. ఏడాదికి తొమ్మిది సార్లు నోరు విప్పుతారు, అందులో ఎనిమిది సార్లు ‘మళ్లీ చదువు’ అనడానికే.

“వాళ్లకి నా లోకం అర్థం కాలేదు మాస్టారూ,” అన్నాడు రాజర్షి. “అది అర్థమైతే ప్రేమ దానంతటదే అర్థమవుతుంది. అందుకే ఈ వారమంతా కూర్చుని ఆ గదిలో ఇంకొంచెం వివరం పెట్టాను. ఎనిమిదో చంద్రుణ్ణి కూడా కలిపాను. వాళ్ల పెళ్లి ఆచారాలన్నీ అతని చుట్టూనే ఉంటాయి.”

“ఎవరు చెబుతారు ఇదంతా?”

“అర్కుడు. వేగినికి.”

“ఆవిడ ఆ ఊళ్లోనే పుట్టిందన్నావు?”

“అవును మాస్టారూ. పుట్టి పెరిగింది అక్కడే.”

మాస్టారు తలూపారు. అంతే.

“మాటలకి గొంతు తోడైతే దాటెయ్యరు,” అన్నాడు వీడు. “మీరు ఒక్కసారి దగ్గరుండి రికార్డు చేయించండి. ఇద్దరి మాటలూ నేనే చదువుతాను.”

“నీకన్నా బాగా చదివేవాళ్లు లేరా?”

“నాకన్నా బాగా ఆ లోకం తెలిసినవాళ్లు లేరు కదా.”

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. “పద.”

మా రికార్డింగు గది ఒకప్పుడు రొయ్యల్ని గడ్డకట్టించిన గది. జానెడు మందం తలుపు. గోడలకి పరుపులు బిగించాం. రొయ్యలు పోయి ఆరేళ్లయినా వాసన పోలేదు. అందులో ప్రేమ మాటలు చదివి బయటికొస్తే రేవులో పిల్లులన్నీ వెంటపడేవి, నలభై నలభై. మైకుకి చప్పుడు తగులుతుందని లోపల ఫ్యాను ఉండదు, ఏసీ ఉండదు. ఒక ఎర్ర దీపం ఉంటుంది. అది వెలుగుతున్నంత సేపూ లోపలివాళ్లు దగ్గకూడదు, బయటివాళ్లు తలుపు ముట్టకూడదు. దాన్ని ఆర్పే మీట చదివేవాడి చెయ్యి పక్కనే ఉంటుంది. వాడు తప్ప ఎవరూ ఆర్పకూడదు. ఆ కట్టుబాటు మాస్టారు పెట్టిందే.

గడప దగ్గర మాస్టారు ఆగారు. జేబులోంచి తన మందు పీల్చే గొట్టం తీసి నా చేతిలో పెట్టారు.

“ఇదేంటండీ?”

“జేబులో గలగలమంటది. మైకు పట్టేస్తది. మీ దగ్గరుంచండమ్మా.”

“లోపల మీకు ఆయాసం వస్తేనో?”

“దీపం వాడి చేతిలో ఉందిగా,” అన్నారు.

తలుపు పడింది.

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని గాజు కిటికీ ముందు కూర్చున్నాను. రాజర్షి దీపం వెలిగించాడు. పదిహేను పేజీల కట్ట ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు.

“వేగినీ, నీకు తెలుసుగా, మన నీలకూటం చుట్టూ ఏడుగురు చంద్రులు తిరుగుతున్నారని...”

“తెలుసు అర్కా. మొదటివాడు రజతుడు. అతను లేచినప్పుడు మన గాలి పద్దు మొదలవుతుంది...”

రెండు గొంతులూ వాడివే. ఆడగొంతు పెట్టినప్పుడు వాడి మెడ కొంగ మెడలా మూరెడు సాగింది. నాకు నవ్వొచ్చింది. మింగేశాను.

నాలుగో నిమిషానికి మాస్టారు చొక్కా పై గుండీ విప్పారు. ఏడో నిమిషానికి రెండోది. రాజర్షి కళ్లు కాగితం మీదే ఉన్నాయి. రెండో చంద్రుడు లేచాడు, అస్తమించాడు. మూడోవాడికి మేనమామల పేర్లు కూడా ఉన్నాయి.

అప్పుడు వినపడింది నాకు. సన్నటి ఈల. ఎక్కడో సామర్లకోటలో రైలు కూసినట్టు, అంత దూరంగా. మాస్టారి ఛాతీలోంచి.

తరవాత ఆ ఈల ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. కిటికీలోంచి చూద్దును కదా, ఆయాసం తగ్గి ఆగలేదు అది. ఊపిరి బిగబట్టారు. రికార్డులో ఈల పడకూడదని. రాజర్షి పేజీ తిప్పినప్పుడు, ఆ కాగితం చప్పుడు మాటున ఒక్కసారి పీలుస్తున్నారు. మళ్లీ బిగబడుతున్నారు. మళ్లీ పేజీ తిరిగే దాకా అంతే.

ఆ పేజీలేమో బారెడు బారెడు.

నా ఎడమ చేతిలో గొట్టం చెమటకి జారుతోంది. కుడి చెయ్యి తలుపు గడియ మీద. లేచి నిలబడ్డాను. మాస్టారు నన్ను చూశారు. కళ్లతోనే ‘కూర్చోండి’ అన్నారు. నేను ఎవరి మాటా విని ఎరగను, మా ఆయన మాట కూడా. కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ తెలీదు.

ఐదో చంద్రుడు. కాగితం. ఊపిరి.

ఆరో చంద్రుడు. కాగితం. ఊపిరి.

మాస్టారి పెదాలు నేరేడు పండు రంగుకి తిరిగాయి. నేను మనసులో పేజీలు తిప్పుతున్నాను. తిప్పరా, తిప్పరా నాయనా.

ఏడో చంద్రుడి చివర రెండు కాగితాలు చెమటకి అంటుకుపోయాయి. రాజర్షి వేలు తడి చేసుకుని విడదీయబోయాడు. రాలేదు. చప్పుడు కాకుండా గోటితో గీకాడు. రాలేదు. గది నిశ్శబ్దమైపోయింది. విసుగ్గా తలెత్తాడు.

ఎదురుగా మాస్టారు. కళ్లు మూసుకుని, నోరు గట్టిగా బిగించి, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, కాగితం చప్పుడు కోసం ఎదురు చూస్తున్నారు.

రాజర్షి ఆయన్ని చూశాడు. చేతిలో మిగిలిన రెండు పేజీలు చూశాడు. ఆపితే మొదటినుంచీ మళ్లీ చదవాలి. గోడ గడియారంలో రెండు కావస్తోంది.

వాడు ఆలోచించింది రెండు క్షణాలే. ఆ రెండు క్షణాల్లో నా జుట్టులో మిగిలిన నల్ల వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి.

దీపం ఆరింది.

నేను తలుపు తీసిన తీరుకి పెద్ద తుపాను కూడా సిగ్గుపడాలి. మాస్టారు గొట్టం నోట్లో పెట్టుకుని రెండు సార్లు పీల్చారు. గోడకి ఆనుకుని కూర్చున్నారు. చాలాసేపటికి ఛాతీ నెమ్మదించింది.

“ఆపావేంరా?” అన్నారు. “ఎనిమిదో చంద్రుడు ఇంకా లేవలేదుగా.”

రాజర్షి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “ఆపమని ఒక్క మాట అనొచ్చుగా మాస్టారూ!”

“అనాలంటే ఊపిరి ఉండాలిగా.”

వాడు ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపంటే, బయట పోటు వచ్చి పాటు కూడా వెళ్లిపోయి ఉంటుంది. తరవాత లేచాడు. పదిహేను పేజీలూ నలిపి, చెత్తబుట్టలో పడేసి, తన లావుపాటి పుస్తకం ముందేసుకున్నాడు. వెతగ్గా వెతగ్గా రెండు వందల పన్నెండో పేజీలో ఒక్క వాక్యం దొరికింది. రెండేళ్ల కిందట రాసి మర్చిపోయినది. దాని మీద వేలు పెట్టాడు. అప్పుడు రాయడం మొదలుపెట్టాడు. సుభాషిణి వచ్చి చూసి వెళ్లింది. నాకు ఒక్క మాట కొత్తగా రాసిచ్చాడు. మాస్టారు దాన్ని నా చేత పద్దెనిమిది వందల సార్లు చదివించారు.

నాలుగింటికి ముగ్గురూ వచ్చారు. ఆవులింతావిడ మధ్యలో కూర్చుంది. పెద్ద తెర వేశారు, ఆవిడ చేతికి మీటలు ఇచ్చారు. సుభాషిణి ఆవిడ వెనకాల నిలబడింది. చంకలో బొమ్మలవాడికి ఇవ్వాల్సిన కాగితాలు.

పన్నెండో అధ్యాయం. ఇరుకు గది. కిటికీలో ఒక్క చంద్రుడి ముక్క, నిమ్మతొనంత. ఇద్దరి మెడ పట్టీల మీదా అంకెలు తగ్గుతున్నాయి. అర్కుడు ఏదో చెప్పబోయాడు. వేగిని అరచేత్తో అతని నోరు మూసింది.

నా గొంతు వచ్చింది. “తలుపు తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు. గాలి పదిహేను నిమిషాలకే ఉంది.”

తెర మూలన ‘దాటేయ్’ మీట మిణుకుమంటోంది. ఆవులింతావిడ వేలు దాని మీదే ఉంది. రాజర్షి గోళ్లు కొరుక్కోవడం అయిపోయి వేళ్లు మొదలుపెట్టాడు.

తెర మీద ఒక్క వాక్యం పడింది. ‘నీలకూటంలో పెళ్లాడినవాళ్ల ముందు తప్ప ఎవరి ముందూ పట్టీ తీయరు.’

వేగిని రెండు చేతులూ మెడ వెనక్కి పెట్టింది. పట్టీ విప్పింది.

ఉత్త మెడ. పట్టీ ఒరుసుకున్న చోట తెల్లటి గీత. అంతకు మించి ఏమీ లేదు, ఒట్టు. నా డెబ్భై ఏళ్ల చెంపలు కాలిపోయాయి. ఇక వేగిని ఎంత పీలుస్తోందో ఎవరికీ తెలీదు. తన వంతు గాలి అతనికి వదిలేసినా చెప్పేవాళ్లు లేరు. అర్కుడికి అది అర్థమైంది. బొమ్మ మొహంలో కనపడింది.

రెండు మీటలు వచ్చాయి. ‘పట్టీ మళ్లీ కట్టు.’ ‘నీదీ విప్పు.’

ఆవులింతావిడ వేలు ‘దాటేయ్’ మీద నుంచి లేచింది. రెండు మీటల మధ్యా గాల్లో ఆగింది. పక్కనున్న ఇద్దరూ ముందుకు వంగారు. సుభాషిణి చంకలో కాగితాలు జారి కిందపడ్డాయి, తియ్యలేదు.

‘నీదీ విప్పు’ నొక్కింది.

తెర నల్లబడింది. చీకట్లో ఒక ఊపిరి. చాలాసేపు ఏమీ లేదు. ఇంకో ఊపిరి. మళ్లీ ఏమీ లేదు. ఆ ఊపిర్లు ఎక్కడివో నాకు తెలుసు. మధ్యాహ్నం రికార్డులోంచి, కాగితం చప్పుళ్ల మాటునుంచి ఏరి తీశాడు దొంగవెధవ. అవి డెబ్భై ఆరేళ్ల ఉబ్బసం మనిషివని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఇప్పుడు మీకు తప్ప.

ఆవిడ తనకి తెలియకుండానే తన మెడ తడుముకుంటోంది.

సుభాషిణి కిందపడ్డ కాగితాలు ఏరుకుని రెండుగా మడిచింది. “బొమ్మలవాణ్ణి రావద్దని చెప్తాను,” అంది ఎవరితోనూ కాకుండా.

ఆవులింతావిడ కుర్చీలో గిర్రున వెనక్కి తిరిగింది. “రాసింది మీరేనాండీ? ఆ కిటికీలో చంద్రుడు కనపడ్డాడు చూడండి, అలాంటివాళ్లు ఇంకా ఉన్నారా అక్కడ? ఎంతమంది?”

రెండేళ్లుగా ఒక్క మనిషి అడగలేదు వాణ్ణి ఆ మాట. వాడి మొహంలో ఎనిమిదిమందీ ఒక్కసారే లేచారు. నోరు తెరిచాడు.

మూలన మస్తాన్ మాస్టారు చొక్కా గుండీ తడుముకుంటున్నారు.

రాజర్షి నోరు మూసుకున్నాడు. లేచి వెళ్లి, మాస్టారి పక్కనున్న కిటికీ తెరిచాడు.